ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిన నాయనమ్మ

మిషన్‌ మూగబోయినా లోపలి డిస్కు బతికే ఉండొచ్చు. దాన్ని తీసి డెస్క్‌టాప్‌ కంప్యూటర్‌కి తగిలిస్తే పాత ఫొటోలు, పాటలు, లెక్కలు మళ్లీ చేతికొస్తాయి. తొందరపడితే మాత్రం ఉన్నవీ పోతాయి!

బీరువా కింది అరలో, పాత పట్టుచీరల మూట పక్కన ఓ నల్ల బ్యాగు. అందులో ల్యాప్‌టాప్‌. స్విచ్‌ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జర్‌ పెడితే చిన్న లైటు వెలిగి ఆరిపోతుంది. పాత సామాన్లవాడికి వేసేయొచ్చు కదా అంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అందులో ఫొటోలున్నాయంటారు.

ఇలాంటి బ్యాగు లేని ఊరు ఇప్పుడు లేదేమో! ఆ ఇల్లు మోతెలో ఉందనుకుందాం. సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉంటుందా మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. కొడుకు 2010లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు అప్పోసప్పో చేసి కొన్న ల్యాప్‌టాప్‌ అది. చదువైంది, అబ్బాయి అమెరికా వెళ్లాడు, మిషన్‌ ఇంట్లో ఉండిపోయింది. అప్పట్లో ఫోన్లలో మెమరీ కార్డంటే రెండు జీబీ, మహా అయితే నాలుగు జీబీ. పండగ ఫొటోలతో అది నిండిపోతే అన్నిటినీ ల్యాప్‌టాప్‌లో పడేసి, కార్డు ఖాళీ చేసి మళ్లీ కొత్త పాటలు ఎక్కించుకునేవారు. అలా ఆ ఇంటి నాయనమ్మ బతుకమ్మ పేరుస్తూ పాడిన పాట మనవడి ఫోన్‌లో రికార్డయి, అక్కడి నుంచి ఈ ల్యాప్‌టాప్‌లోకి వచ్చి చేరింది. ఆ పాట ఇంకెక్కడా లేదు. ఇప్పుడు ఆవిడా లేరు. సంవత్సరీకం దగ్గర పడింది.

బ్యాగు భుజాన వేసుకుని సూర్యాపేట బస్సెక్కిన కోడలు, కంప్యూటర్‌ షాపు కుర్రాడిని అడిగే మొదటి మాట ఏమై ఉంటుంది? మదర్‌బోర్డు గురించి కాదు, ర్యామ్‌ గురించి అసలే కాదు.

''ఫొటోలు ఉన్నయా, పోయినయా? గదొక్కటి చెప్పు బిడ్డా.''

''మిషన్‌ అయితే పోయిందమ్మా. లోపల డిస్కు మంచిగున్నదో లేదో తగిలిస్తె తెలుస్తది.''

ఆ 'తగిలిస్తె' అన్న మాటలోనే ఉంది అసలు సంగతంతా.

పోయింది ఏది?

ల్యాప్‌టాప్‌ ఆన్‌ కావడంలేదంటే అందులోని సమాచారం పోయిందనుకుంటారు చాలామంది. ఆ రెండిటికీ సంబంధం తక్కువ. మదర్‌బోర్డు కాలినా, తెర పగిలినా, ఛార్జింగ్‌ పిన్ను ఊడినా, కీబోర్డు మీద టీ ఒలికినా ల్యాప్‌టాప్‌ పని చేయదు. ఫొటోలూ పాటలూ ఉండేది మాత్రం హార్డ్‌డిస్క్‌లో. అది విడి భాగం. మిగతా మిషన్‌ అంతా పాడైనా అది నిక్షేపంగా ఉండొచ్చు. అలాగే మిషన్‌ మిలమిలా మెరుస్తున్నా లోపల డిస్క్‌ చెడిపోయి ఉండొచ్చు.

మొట్టమొదటి హార్డ్‌డిస్క్‌ని చూసినవారికి దాన్ని సంచీలో వేసుకుని బస్సెక్కొచ్చంటే నవ్వొచ్చేది. 1956లో ఐబీఎం తెచ్చిన ర్యామాక్‌ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. పెద్ద బీరువా అంత పెట్టె. ఇంతా చేస్తే అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోన్‌తో తీసే ఒకటి రెండు ఫొటోలకే సరిపోతుంది! అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ 1988కి రెండున్నర అంగుళాల డిస్క్‌ వచ్చింది. ప్రెయిరీటెక్‌ అనే అమెరికన్‌ కంపెనీ చేసిన దాని సామర్థ్యం 20 ఎంబీ. ల్యాప్‌టాప్‌లకు నప్పిన కొలత అదే. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్‌ ఫెర్ట్‌, జర్మనీలో పీటర్‌ గ్రూన్‌బెర్గ్‌ ఎవరికి వారుగా ఒక అయస్కాంత ధర్మాన్ని కనిపెట్టారు. చిన్న జాగాలో ఎక్కువ సమాచారం చదవడానికి అదే దారి చూపింది. 2007లో ఇద్దరికీ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్‌ ఇచ్చారు. నాయనమ్మ పాటకి చోటు దొరికిందంటే అందులో వారి చలవా ఉంది.

మూడు రకాలు, మూడు దారులు

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పితే అడుగున ఒకటి రెండు స్క్రూలతో చిన్న మూత కనిపిస్తుంది. దాని కిందే డిస్క్‌. ముందు ఛార్జర్‌ పీకేయాలి, బ్యాటరీ ఊడదీయాలి, పవర్‌ బటన్‌ కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్‌. డిస్క్‌ని ముట్టుకునే ముందు డెస్క్‌టాప్‌ క్యాబినెట్‌ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లో స్థిరవిద్యుత్తు ఉన్నా పోతుంది. సిల్కు చీరో నైలాన్‌ చొక్కానో వేసుకుని ఆ పని చేయకపోవడమే మేలు. బ్యాటరీ లోపలే బిగించి ఉన్న కొత్తరకం మిషన్‌ అయితే ఇంట్లో విప్పకుండా తెలిసినవారికి అప్పగించడం మంచిది.

బయటికొచ్చిన డిస్క్‌ దాదాపు ఏడు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవుతో అరచేతిలో ఇమిడిపోతుంది. ఇప్పుడు దాని అంచు చూడాలి. ఏ దారిన పోవాలో అక్కడే తేలుతుంది.

పిన్నులు దువ్వెన పళ్లలా రెండు వరసల్లో ఉంటే అది పాత ఐడీఈ రకం. దీంతోనే తంటా. డెస్క్‌టాప్‌ ఐడీఈ కేబుల్‌కి 40 పిన్నులైతే ల్యాప్‌టాప్‌ డిస్క్‌కి 44. పైగా వాటి మధ్య ఎడం కూడా తక్కువ. ఎక్కువగా ఉన్న నాలుగు పిన్నులూ ఎందుకంటే, ల్యాప్‌టాప్‌లో కరెంటు కూడా అదే వరసలోంచి వస్తుంది మరి. అందుకే నేరుగా తగిలించడం కుదరదు, మధ్యలో ఒక కన్వర్టర్‌ ఉండాల్సిందే. దాన్ని తిరగేసి పెట్టారా, వెళ్లకూడని పిన్నులోకి కరెంటు వెళ్లి డిస్క్‌ కాలిపోవచ్చు. కేబుల్‌ ఎర్రగీత ఉన్న వైపు ఒకటో నంబరు పిన్ను వైపు రావాలి. అనుమానం ఉంటే ఆగిపోవాలి, అంతే.

పిన్నులకు బదులు 'ఎల్‌' ఆకారంలో రెండు పలచని పట్టీలు కనిపిస్తే అది సాటా రకం. 2003 నుంచి డెస్క్‌టాప్‌లలోకి, మరికొన్నేళ్లకు ల్యాప్‌టాప్‌లలోకి వచ్చింది. మోతె ఇంటి ల్యాప్‌టాప్‌ 2010 నాటిది కాబట్టి అందులో ఉండేది ఇదే. ఇక్కడ పని సులువు. సాటాలో ల్యాప్‌టాప్‌ డిస్క్‌కీ డెస్క్‌టాప్‌ డిస్క్‌కీ పెద్దా చిన్నా తేడాయే కానీ మూతి ఒకటే. సమాచారానికి ఏడు పిన్నుల కేబుల్‌, కరెంటుకి 15 పిన్నుల కేబుల్‌. రెండూ డెస్క్‌టాప్‌లో ఉండనే ఉంటాయి. తిరగేసి పెట్టాలన్నా దూరదు. పెద్ద డిస్క్‌ 12 వోల్టులు కూడా వాడుకుంటుంది, చిన్నది అయిదుతోనే సరిపెట్టుకుంటుంది. కేబుల్‌లో రెండూ వస్తున్నా తనకు కావాల్సినదే తీసుకుంటుంది కాబట్టి భయం లేదు.

ఇక మూడోది. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో గుండ్రంగా తిరిగే పళ్లెం లేదు. చూయింగ్‌గమ్‌ బిళ్లలా సన్నటి చిప్పుల పట్టీ ఉంటుంది. పేరు ఎం.2. చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటిలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు తెగలు. ఒకదానికి సరిపోయే పెట్టె రెండోదానికి పనికిరాకపోవచ్చు. కొనేముందు పట్టీని షాపులో చూపించి అడగడం ఉత్తమం. చౌక ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో, ఇటీవలి ఆపిల్‌ ల్యాప్‌టాప్‌లలో చిప్పుల్ని ఏకంగా మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. అక్కడ తీసి తగిలించడం అనే మాటే లేదు.

క్యాబినెట్‌ విప్పడం ఇష్టం లేకపోతే? యూఎస్‌బీ కన్వర్టర్‌ ఉంది. కొన్ని వందల రూపాయల సరకు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ షాపుల్లో అడిగి చూడొచ్చు, సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌కి వెళ్లేవారుంటే చెప్పి తెప్పించుకోవచ్చు. డిస్క్‌కి ఒకవైపు బిగించి, రెండోవైపు పెన్‌డ్రైవ్‌లా గుచ్చేయడమే. ఒక్క కిటుకు. డెస్క్‌టాప్‌ ముందువైపు రంధ్రంలో కాకుండా వెనకవైపు పెట్టాలి. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువాటికి లోపల పొడుగు తీగ వస్తుంది కాబట్టి పాత డిస్క్‌కి కరెంటు చాలక ఒక్కోసారి టిక్కుటిక్కుమని మొరాయిస్తుంది. డిస్క్‌ పోయిందని గుండెలు బాదుకునేవారిలో కొందరికి పోయింది కరెంటే!

సాటా కేబుల్‌తో లోపలే తగిలించేవారికి ఇంకో సంగతి. డెస్క్‌టాప్‌ ఆన్‌ చేయగానే అది ల్యాప్‌టాప్‌ డిస్క్‌లోని విండోస్‌ని లేపడానికి చూడొచ్చు. అప్పుడు బయోస్‌లోకి వెళ్లి డెస్క్‌టాప్‌ సొంత డిస్క్‌ని మొదటి వరసలో పెట్టాలి. కేబుళ్లు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ డెస్క్‌టాప్‌ ప్లగ్గు గోడలోంచి పీకి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఒక్క క్లిక్‌!

డిస్క్‌ తగిలించారు. కంప్యూటర్‌ ఆన్‌ చేశారు. మంచి రోజైతే 'మై కంప్యూటర్‌'లో రెండు మూడు కొత్త డ్రైవ్‌లు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్‌గా ఉన్నది ఇక్కడ ఎఫ్‌ అనో జీ అనో పేరు మార్చుకుని ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. 500 జీబీ డిస్క్‌ 465గా కనిపిస్తే మిగతా 35 ఎవరు తిన్నారని షాపువాడిని నిలదీయనూ అక్కర్లేదు. కంపెనీవాళ్లు వేలల్లో లెక్కేస్తారు, విండోస్‌ 1024ల్లో లెక్కేస్తుంది. తేడా అంతే.

రోజు మంచిది కాకపోతే మాత్రం తెరమీద ఓ ప్రశ్న ప్రత్యక్షమవుతుంది. ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్‌ చేయాలి, చేయమంటారా? అని. వినయంగా అడిగినట్టే ఉంటుంది. చేయి దానంతటదే 'యస్‌' మీదకి పోతుంది. అక్కడ ఆపాలి చేతిని! ఫార్మాట్‌ అంటే నాయనమ్మ పాట ఎక్కడుందో చెప్పే చిట్టా చెరిపేయడం. డిస్క్‌లోని చిట్టా కాస్త దెబ్బతిన్నా విండోస్‌ ఇదే ప్రశ్న అడుగుతుంది. లినక్స్‌ మిషన్‌ నుంచో ఆపిల్‌ మిషన్‌ నుంచో తెచ్చిన డిస్క్‌ భాష తనకు రాకపోయినా ఇదే అడుగుతుంది. అంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు. 'క్యాన్సిల్‌' నొక్కి తెలిసినవారి దగ్గరికి పోవడమే దారి. 'ఇనిషియలైజ్‌' చేయమంటారా అని అడిగినా అదే జవాబు.

డిస్క్‌ కనిపించింది, ఫోల్డర్‌ తెరవబోతే అనుమతి లేదంటుంది. ఇది చిన్న చిక్కే. ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్‌ యజమాని కొడుకు. డెస్క్‌టాప్‌కి ఆ కొడుకెవరో తెలియదు. అడ్మినిస్ట్రేటర్‌గా లాగినై 'కంటిన్యూ' అంటే కాసేపు గింజుకుని తెరుచుకుంటుంది. విండోస్‌ పాస్‌వర్డ్‌ మర్చిపోయినా ఈ దారిన ఫొటోలు చిక్కుతాయన్నమాట. వినడానికి బాగానే ఉంది కానీ, మీ ల్యాప్‌టాప్‌ దొంగిలించినవాడికీ ఇదే దారి!

ఆ దారి మూసేయడానికే వచ్చింది బిట్‌లాకర్‌. విండోస్‌ 8.1 నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో లాగినైతే చాలు, మనం అడక్కుండానే డిస్క్‌కి తాళం పడుతుంది. విండోస్‌ 11తో వచ్చే కొత్త మిషన్లలో ఇది మరీ మామూలైపోయింది. అలాంటి డిస్క్‌ని తీసి డెస్క్‌టాప్‌కి పెడితే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది సాధారణంగా ఆ మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఆ అకౌంట్‌ తెరవాలంటే దానికిచ్చిన ఈమెయిల్‌, ఫోన్‌ నంబరు ఉండాలి. అవి అమెరికా వెళ్లిన కొడుకువైతే రాత్రి ఫోన్‌ చేసి అడగొచ్చు. వేసినవారే లేకుండా పోతే? తాళంచెవి లేని బిట్‌లాకర్‌ని షాపు కుర్రాడు విప్పలేడు, పెద్ద ల్యాబ్‌వారూ విప్పలేరు. ఇంట్లో మిషన్‌ పని చేస్తుండగానే ఆ అంకెలు ఓ కాగితం మీద రాసి రేషన్‌కార్డు పక్కన దాచుకుంటే పది నిమిషాల పని.

చెవి పెట్టి వినండి

తిరిగే పళ్లెం ఉన్న డిస్క్‌ మాట్లాడుతుంది. బాగున్నది సన్నగా, ఒకే స్థాయిలో ఝుమ్మంటుంది. లయ తప్పకుండా టక్‌... టక్‌... టక్‌ మంటోందా, కరెంటు సరిగా అందుతున్నా ఆ చప్పుడు ఆగడంలేదా, వెంటనే స్విచ్‌ ఆపేయాలి. ల్యాప్‌టాప్‌ డిస్క్‌ పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. దానిమీద చదివే హెడ్‌ పళ్లేన్ని తాకదు, తేలుతుంది. ఆ ఎడం ఎంతంటే తలవెంట్రుక మందంలో వేల వంతు. ఒక ధూళి కణం అడ్డొచ్చినా పర్వతం అడ్డొచ్చినట్టే. హెడ్‌ దెబ్బతిన్న డిస్క్‌ని మళ్లీ మళ్లీ ఆన్‌ చేస్తే పళ్లెం మీద గీత పడుతుంది. గీత పడ్డచోట ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పని చేస్తుందని ఓ చిట్కా చాలాకాలంగా తిరుగుతోంది. మన ఉక్కపోతలో ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి ఏమవుతుందో తెలుసు కదా, నీళ్లు పడతాయి. అదే తేమ పళ్లెం మీద పడుతుంది. మూత విప్పి లోపల చూడటం అంతకన్నా ఘోరం. అలాంటి డిస్క్‌లను దుమ్ము లేని ప్రత్యేక గదుల్లోనే విప్పుతారు. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. వస్తుందన్న హామీ కూడా ఉండదు.

డిస్క్‌ నీరసంగా ఉండి అక్కడక్కడా చదవలేకపోతుంటే ఒక్కో ఫొటో తెరిచి చూస్తూ కూర్చోకూడదు. తెలిసిన మెకానిక్‌లు ముందు డిస్క్‌ మొత్తాన్నీ వేరే డిస్క్‌లోకి ప్రతి తీస్తారు. దీనికి డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన భాగాల సంగతి ఆఖరున చూస్తుంది. ఆ తర్వాత వెతుకులాటంతా ప్రతిలోనే.

ఏం తీసుకోవాలి?

ఫొటోలు 'యూజర్స్‌' ఫోల్డర్‌లో కొడుకు పేరు కింద ఉంటాయి. మరీ పాత ఎక్స్‌పీ అయితే 'డాక్యుమెంట్స్‌ అండ్‌ సెట్టింగ్స్‌'లో. డెస్క్‌టాప్‌, పిక్చర్స్‌, వీడియోస్‌, డౌన్‌లోడ్స్‌... అన్నీ చూడాలి. ఎవరు ఎక్కడ దాస్తారో చెప్పలేం. తెరిచేముందు యాంటీవైరస్‌తో ఓసారి జల్లెడ పట్టడం మంచిది, పాత పెన్‌డ్రైవ్‌ల వైరస్‌లు ఇంకా అందులోనే నిద్రపోతుంటాయి.

మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తాకో, సూర్యాపేట ఎరువుల దుకాణానికో ఫొటోలకన్నా లెక్కలు ముఖ్యం. ట్యాలీ ప్రోగ్రామ్‌ని కాపీ చేస్తే లాభం లేదు. దాని 'డేటా' ఫోల్డర్‌లో 10000, 10001 అంటూ అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్‌లను తీసుకోవాలి. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ లెక్కల పుస్తకం. డీటీపీ సెంటర్ల సంగతి వేరు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పెళ్లిపత్రికలు కాపీ అయితే అవుతాయి, తెరిస్తే మాత్రం అర్థంకాని ఇంగ్లిష్‌ అక్షరాల గుంపు కనిపిస్తుంది. ఫైలు పాడవలేదు. ఈ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు, అంతే.

పాత యూఎస్‌బీ 2 దారిలో వంద జీబీ కాపీ కావడానికి దాదాపు గంట. మధ్యలో కరెంటు పోతే? యూపీఎస్‌ ఉన్న డెస్క్‌టాప్‌నే ఎంచుకోవాలి. డిస్క్‌ తిరుగుతున్నంతసేపూ దాన్ని కదపకూడదు, చల్లటి బల్లమీద ఉండనివ్వాలి. షాపులో చేయిస్తుంటే మనిషి అక్కడే కూర్చోవడం మంచిది. ఇంటి ఆడపిల్లల ఫొటోలు, బ్యాంకు కాగితాలు పరాయి కంప్యూటర్‌లో కాసేపైనా ఉంటాయి. పని కాగానే అక్కడి నుంచి తీసేయించాలి. ఒకటి ఇంట్లో, ఒకటి కొడుకు దగ్గర... కనీసం రెండు ప్రతులుండాలి. పాత డిస్క్‌ బాగుంటే యూఎస్‌బీ పెట్టెలో బిగించి మూడో ప్రతిగా అట్టే పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌ని పాత సామాన్లకు వేసేటప్పుడు డిస్క్‌ తీసేసి వేయాలి. డిలీట్‌ చేసినవి తిరిగి తీయగలిగేవారు ఉన్నారు మరి.

సూర్యాపేట షాపులో గంట గడిచింది. కుర్రాడు 'న్యూ ఫోల్డర్‌' తెరిచాడు, సినిమా పాటలు. 'న్యూ ఫోల్డర్‌ టూ', కాలేజీ రికార్డులు. 'న్యూ ఫోల్డర్‌ త్రీ'లో చిన్న చిన్న వీడియోలు, పాత ఫోన్‌లవి, త్రీజీపీ రకం. కంప్యూటర్‌లో మామూలుగా తెరుచుకోకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టాడు. తెరమీద అగ్గిపెట్టంత బొమ్మ, మసక మసకగా. తంగేడు పూలు, గునుగు పూలు, పళ్లెం ముందు ఓ ముసలి చేయి. గాలి హోరులో గొంతు లీలగా వినిపిస్తోంది.

''కొంచెం సౌండ్‌ పెంచు బిడ్డా'' అంది కోడలు.